అడగడమే కష్టం: బాతెల్‌లో మా పొరుగు గ్రూపు అనుభవం

సూట్‌కేసు పిడికి కొక్కెం తగిలించి పైకి లేపితే ఎన్ని కేజీలో చూపించే చిన్న తూకం ఒకటుంటుంది. ఇండియా వెళ్లొచ్చే తెలుగిళ్లలో అది లేని ఇల్లు అరుదు. పెట్టె 23 కేజీలు దాటితే ఎయిర్‌పోర్టులో అందరి ముందూ జిప్పు విప్పి బాదంపప్పు ప్యాకెట్లు బయటికి తియ్యాలన్న భయం మనందరిదీ. రెండేళ్లకోసారి వాడతాం, ఎక్కడో పెట్టేస్తాం. మళ్లీ ప్రయాణం వారంలో ఉందనగా వెతుకుతాం, దొరకదు, ఇంకోటి ఆర్డర్ పెడతాం. మర్నాడు గుమ్మం ముందు ఉంటుంది. 2016 వేసవిలో మా గరాజ్ సర్దుతుంటే నాలుగు తూకాలు దొరికాయి. నాలుగింటిలోనూ బ్యాటరీ అయిపోయింది.

ఆ సాయంత్రం మా వరసలో ఉన్న తెలుగిళ్లలో ఊరికే సరదాకి అడిగి చూశాను. ఎవరింట్లో చూసినా రెండుకి తక్కువ లేవు. పక్కింటి వాళ్లని ఎప్పుడైనా అడిగారా అంటే ఒక్కరూ లేరు. "అంత చిన్నదానికి వాళ్ల తలుపు ఏం కొడతాంలే అక్కా, పది డాలర్లే కదా" అంది ఎదురింటి అమ్మాయి.

ఈ అనుభవం రాయడానికి కారణం ఆ మాటే. ఆ మాట నాకు నిజంగా అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది. ఈలోపు చేసిన తప్పులు కూడా రాస్తున్నాను, ఎందుకంటే మాలాగా పొరుగువాళ్లు ఒకరికొకరు వస్తువులు ఇచ్చుకునే గ్రూపు పెట్టాలనుకునే వాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది వాటి గురించే. మనుషుల పేర్లు రాయడం లేదు. ఒకరిద్దరి వివరాలు గుర్తుపట్టకుండా కాస్త మార్చాను.

చోటు

బాతెల్ సియాటిల్‌కి ఈశాన్యంగా ఉన్న ఊరు. సగం కింగ్ కౌంటీలో, సగం స్నొహోమిష్ కౌంటీలో ఉంటుంది. రెడ్మండ్, బెల్వ్యూ ఆఫీసులకు వెళ్లొచ్చే తెలుగువాళ్లు ఇక్కడ చాలామంది. మాది టౌన్‌హోమ్‌ల కాలనీ. ఇంటికి రెండు కార్లు పట్టే గరాజ్ ఉంటుంది, అందులో అట్టపెట్టెలు ఉంటాయి, కార్లు రోడ్డు మీద ఉంటాయి.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. సామాజిక కార్యకర్త అంటే నాకు సిగ్గేస్తుంది, కానీ ఇన్నేళ్లుగా ఈ గ్రూపు నడపడానికి పెట్టిన టైము చూస్తే వేరే మాట దొరకదు. మా గ్రూపులో ఇంకో తమాషా ఉంది. కొనడాన్ని ఇంకా ఎంత సులువు చెయ్యొచ్చో పగలంతా కూర్చుని ఆలోచించే ఇంజనీర్లు సాయంత్రం ఇంటికొచ్చి మాతో కలిసి కొనడం తగ్గించే మీటింగులకి వస్తారు. ఒక్క క్లిక్‌తో కొనే పద్ధతికి అమెజాన్‌కి పేటెంట్ వచ్చింది 1999లో, దాని గడువు తీరింది 2017లో. మేం గ్రూపు పెట్టింది సరిగ్గా ఆ ఏడాదే. పేటెంట్ తీరితే ఏమయ్యింది, ఇప్పుడు అందరూ ఒక్క క్లిక్కే పెట్టారని ఒకాయన తర్వాత ఒక మీటింగులో నవ్వాడు.

కొనుగోళ్లకి వ్యతిరేకంగా జరిగిన రెండు ముఖ్యమైన ప్రయత్నాలు మా చుట్టుపక్కలే పుట్టాయి. ‘బై నథింగ్ డే’, అంటే ఏమీ కొనని రోజు, 1992లో వాంకూవర్‌లో టెడ్ డేవ్ అనే కళాకారుడు మొదలుపెట్టాడు. వాంకూవర్ మాకు కారులో మూడు గంటల లోపే, బోర్డర్ దగ్గర క్యూ లేకపోతే. ఆ ఊరి ‘యాడ్‌బస్టర్స్’ పత్రిక దాన్ని ఊరూరా తీసుకెళ్లింది. 1997 నుంచి ఉత్తర అమెరికాలో థాంక్స్ గివింగ్ మర్నాడు, అంటే సరిగ్గా షాపులు పెద్ద డిస్కౌంట్లు పెట్టే బ్లాక్ ఫ్రైడే రోజునే, దాన్ని జరుపుతున్నారు. రెండోది ‘బై నథింగ్ ప్రాజెక్ట్’. 2013 జులైలో బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో లీసెల్ క్లార్క్, రెబెకా రాక్‌ఫెల్లర్ అనే ఇద్దరు స్నేహితురాళ్లు పెట్టారు. సియాటిల్ రేవులో ఫెర్రీ ఎక్కితే ఆ దీవి అరగంట పైచిలుకు. పొరుగువాళ్లు ఒకరికొకరు వస్తువులు ఊరికే ఇచ్చుకోవాలి, అడగొచ్చు, థాంక్స్ చెప్పొచ్చు. అమ్మకూడదు, మారకం కూడా కూడదు. మొదటిది నిరసన, రెండోది పొరుగు సంబంధం. మేం మొదట నిరసనతో మొదలుపెట్టి బోర్లా పడ్డాం.

ప్లకార్డులు

2015లో ఆర్‌ఈఐ అనే కొండలెక్కే సామాన్ల సహకార సంస్థ బ్లాక్ ఫ్రైడే నాడు తన షాపులన్నీ మూసేసి, ఉద్యోగులకి జీతంతో సెలవిచ్చి, బయటికెళ్లి అడవుల్లో తిరగండి అంది. అది మా సియాటిల్ ప్రాంతపు సంస్థే. దాంతో మాకు ఉత్సాహం వచ్చింది. 2016 నవంబరులో నేను, ఇంకో ఇద్దరు తెలుగావిడలు, మా వీధి చివర ఉండే ఒక రిటైర్డ్ టీచరు, నలుగురం కలిసి తెల్లవారుజామున ఒక ఎలక్ట్రానిక్స్ షాపు ముందు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డాం. సన్నటి వాన. మా ప్లకార్డు మీద మార్కర్ సిరా కారిపోయి ‘ఈ రోజు’ అన్న మాట తప్ప ఏం కనపడలేదు.

క్యూలో ముందు వరసలో ఇద్దరు కుర్రాళ్లు దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. మా మాట విని "ఆంటీ, తెలుగా?" అన్నారు. ఎమ్మెస్ చదువుతున్నారు. ఒకడి ల్యాప్‌టాప్ మూత విరిగిపోయింది, టేపు చుట్టి వాడుతున్నాడు. "మామూలు రోజు ఈ రేటుకి నాకెవరిస్తారు ఆంటీ? ఇంటి నుంచి డబ్బులడగలేక రాత్రి పదకొండు నుంచి ఇక్కడ కూర్చున్నాం" అన్నాడు. మా ఫ్లాస్కులో ఉన్న టీ వాళ్లకి పోశాం. ప్లకార్డులు కారు డిక్కీలో పడేసి ఇంటికొచ్చాం.

అంతకుముందు నేను ఆ క్యూల గురించి చదివిందంతా తొక్కిసలాటల వార్తలే. 2008లో లాంగ్ ఐలాండ్‌లో ఒక షాపు ఉద్యోగి తలుపులు విరగ్గొట్టుకుని దూసుకొచ్చిన జనం కాళ్ల కింద పడి చనిపోయాడు. ఆ వార్త చదివితే క్యూలో ఉన్నవాళ్లంతా దురాశాపరులు అనిపిస్తుంది. కానీ చలిలో రాత్రంతా కూర్చునేది డబ్బు లెక్కపెట్టుకునే వాళ్లు. అసలు విపరీతంగా కొనేవాళ్లం ఆ టైముకి ఇంట్లో రగ్గు కింద ఫోను చూసుకుంటూ ఉంటాం. గరాజ్‌లో నాలుగు తూకాలున్న నేను, ఒక్క ల్యాప్‌టాప్ కోసం వచ్చిన కుర్రాడికి కొనొద్దని చెప్పడానికి వెళ్లాను. ఆ ప్లకార్డులు మళ్లీ బయటికి తియ్యలేదు.

ఇవ్వడం ఎక్కువైపోయింది

2017 వసంతంలో బెయిన్‌బ్రిడ్జ్ పద్ధతుల్లోనే మా కాలనీకి, చుట్టూ ఉన్న నాలుగైదు వీధులకి ఒక ఆన్‌లైన్ గ్రూపు పెట్టాం. తెలుగువాళ్లతో పాటు అన్ని రకాల వాళ్లూ చేరారు. మొదటి నెలలోనే పోస్టులు వరదలా వచ్చాయి. పిల్లల సైకిళ్లు, చిన్నబడిపోయిన చలి బూట్లు, విప్పని గిఫ్టు పెట్టెలు, మూడో ఎయిర్ ఫ్రయ్యర్. వస్తువు గుమ్మం బయట పెట్టేస్తే వచ్చి పట్టుకెళ్తారు, దీన్ని మేం ‘పోర్చ్ పికప్’ అంటాం. గరాజ్‌లు ఖాళీ అయ్యాయి. రెండు కార్లూ లోపల పెట్టుకున్నామని ఒకాయన ఫోటో పెట్టాడు. మేం గర్వంగా తిరిగాం.

మొదటి క్రిస్మస్ తర్వాత ఒక విషయం తేడాగా అనిపించింది. ఒక అమ్మాయి వారం వారం వస్తువులు పెట్టేది. అన్నీ కొత్తవే, కొన్నింటికి ట్యాగ్ కూడా తియ్యలేదు. మంచి మనసు అనుకున్నాం. ఒకరోజు వాళ్లింటికి టీకి వెళ్లినప్పుడు మాటల్లో అంది: "గ్రూపు పెట్టినప్పటి నుంచి నాకు టెన్షన్ లేదక్కా. ఇదివరకు కొనేముందు వాడతానా లేదా అని పదిసార్లు ఆలోచించేదాన్ని. ఇప్పుడు నచ్చకపోతే ఇచ్చేస్తాంగా." నవ్వుతూ అంది. నేనూ నవ్వాను. కానీ టీ గొంతు దిగలేదు.

మేం కొనడం తగ్గించే గ్రూపు అనుకున్నది ఆమెకి రిటర్న్ కౌంటర్ అయింది. పైగా రిటర్న్ చేస్తే ఉండే చిన్న సిగ్గు కూడా లేదు, ఇచ్చినందుకు పది మంది థాంక్స్ చెబుతారు. ఆమె ఒక్కతే అలా ఉందనుకోలేదు. మర్నాడు కూర్చుని గ్రూపులో అప్పటిదాకా వచ్చిన పోస్టులన్నీ రెండు కుప్పలు చేశాను. ‘ఇస్తాం’ అన్నవి ఒకవైపు, ‘కావాలి’ అన్నవి ఇంకోవైపు. ‘కావాలి’ కుప్ప వేళ్ల మీద లెక్కపెట్టేంత. అందులో తెలుగు పేర్లు దాదాపు లేవు. బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన తెల్లవాళ్లు నిచ్చెన అడిగారు, కేక్ అచ్చులు అడిగారు, ఒకావిడ కుక్కకి చొక్కా అడిగింది. మనవాళ్లు మాత్రం ఇవ్వడంలో అందరికంటే ముందు, అడగడంలో అసలు లేరు.

ఒకరు వస్తువు ఇస్తే కొనకుండా పోయేదేమీ లేదు, అది అప్పటికే కొన్నది. ఒకరు అడిగి, దొరికి, తెచ్చుకున్నప్పుడే ఒక కొనుగోలు ఆగుతుంది. ఈ ముక్క చెప్పుకుంటే ఎంత మామూలుగా ఉందో చూడండి. ఏడాదిన్నర పాటు మేం తప్పు కుప్పని లెక్కపెట్టుకుని సంతోషించాం.

మొహమాటం

ఎందుకు అడగరు? నేను అడిగినప్పుడు వచ్చిన జవాబులన్నీ పైపైవే. టైము లేదు, వెళ్లి తెచ్చుకోవాలి, క్లీన్ చెయ్యాలి. అసలు సంగతి ఇంకో చోట ఉందని నాకు మా అమ్మ వచ్చినప్పుడు తెలిసింది. ఎవరో ఇచ్చిన చలి జాకెట్ తొడుక్కోమంటే అమ్మ చేత్తో కూడా ముట్టుకోలేదు. "ఎవరో వాడి పారేసింది నేనెందుకు వేసుకోవాలే? మనం ఇచ్చేవాళ్లమే గానీ తీసుకునేవాళ్లమా?" అంది.

మా తెనాలి ఇంట్లో పాత బట్టలకి రెండే దార్లుండేవి. స్టీలు సామాన్లవాడు వీధిలోకొస్తే పాత చీరలు వేసి గిన్నె తీసుకోవడం ఒకటి, అది బేరం. పనిచేసే ఆవిడకి ఇవ్వడం రెండోది. అంటే వాడిన వస్తువు ఊరికే చేతులు మారేది పై నుంచి కిందకే. తీసుకున్నవాళ్లు కిందివాళ్లు. కాబట్టి పొరుగింటి పాత బూట్లు తీసుకోవడం అంటే ఆ పనావిడ నిలబడిన చోట మనం నిలబడటం. ఇది ఎవరూ నోరు తెరిచి అనరు, కానీ అందరికీ లోపల ఉంది. కులం, డబ్బు రెండూ కలిసిన ముడి ఇది. అమెరికా వచ్చినంత మాత్రాన విడిపోదు. ఇక్కడ పర్యావరణం గురించి ఎంత చెప్పినా దాని మీద పనిచెయ్యదు, ఎందుకంటే వాళ్ల అడ్డంకి అజ్ఞానం కాదు, అవమాన భయం.

కానీ అదే తెనాలిలో ఇంకో అలవాటు కూడా ఉండేది. సాయంత్రం చుట్టాలొస్తే పక్కింటికి గ్లాసు పట్టుకుని వెళ్లి పంచదార బదులు తెచ్చేవాళ్లం. కాఫీ పొడి, మజ్జిగ తోడు, ఇడ్లీ పాత్ర, నిచ్చెన. దీన్ని చేబదులు అనేవాళ్లం. అందులో ఎవరూ కిందా లేరు పైనా లేరు, ఎందుకంటే రేపు వాళ్లూ గ్లాసు పట్టుకొస్తారు. నిజానికి మన చేబదులు తిరిగి ఇవ్వాలి, బెయిన్‌బ్రిడ్జ్ వాళ్ల బహుమతి తిరిగి ఇవ్వక్కర్లేదు. నేను చదివిన వాళ్లందరూ తిరిగి ఇవ్వక్కర్లేని పద్ధతే గొప్పదంటారు. మా వాళ్ల విషయంలో అది తలకిందులైంది. తిరిగి ఇవ్వాలి అంటేనే వాళ్లు అడగగలిగారు.

2018 అక్టోబరు నెలంతా గ్రూపులో ‘ఇస్తాం’ పోస్టులు ఆపేశాం. అడిగే నెల అన్నాం. అడ్మిన్లం ముగ్గురం రోజుకొకరం తప్పనిసరిగా ఏదో ఒకటి అడగాలని నియమం. నేను మొదట అడిగింది సూట్‌కేసు తూకమే, నా నాలుగింటికీ బ్యాటరీలు లేవు కాబట్టి అబద్ధం కూడా కాదు. తెలుగు పోస్టుల్లో ‘ఐఎస్ఓ’ అని రాయడం మానేసి ‘చేబదులు కావాలి’ అని రాయడం మొదలుపెట్టాం. ఇక్కడి గ్రూపుల్లో ఐఎస్ఓ అంటే ఫలానాది వెతుకుతున్నాం అని అర్థం. చేబదులు అన్న మాట చూసి కొందరు నవ్వారు, కొందరికి వాళ్ల అమ్మమ్మ గుర్తొచ్చిందన్నారు. ‘ఇస్తాం’ పోస్టులు ఆపినందుకు ఇద్దరు కోపంగా గ్రూపు వదిలి వెళ్లిపోయారు. వాళ్లలో ఒకరు నేను టీకి వెళ్లిన అమ్మాయే.

సాంబారు గిన్నె

ఆ నెల మూడో వారంలో జరిగింది కాస్త వివరంగా చెబుతాను.

మా వెనక వీధిలో ఒక అమ్మాయికి పాప మొదటి పుట్టినరోజు వచ్చింది. డెబ్భై మందికి ఇంట్లోనే వండాలనుకుంది. సాంబారుకి పెద్ద గిన్నె లేదు. ఇండియన్ షాపులో ఒకటి చూసొచ్చింది, కొంటే ఆ తర్వాత దాన్ని పెట్టడానికి కిచెన్‌లో చోటు లేదు. అడగొచ్చు కదా అన్నాను. "రాస్తానులే అక్కా" అంది, రాయలేదు. మర్నాడు సాయంత్రం వాళ్లింటికి వెళ్లి పక్కన కూర్చున్నాను. ఫోనులో టైపు చేసింది. "అందరికీ నమస్కారం, ఏమీ అనుకోకపోతే..." అని మొదలుపెట్టి చెరిపేసింది. మళ్లీ రాసింది, "మాకు ఉంది కానీ చిన్నది..." అని, అదీ చెరిపేసింది. మూడోసారి "కొనాలనుకున్నాం కానీ..." అంది. ప్రతిసారీ ముందు తను లేనిదాన్ని కాదని చెప్పుకోవాల్సి వస్తోంది. అది చూస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. నేను ఒక్క గిన్నె సంగతి అనుకున్నాను, ఆమెకి అది పరువు సంగతి.

ఇండియా నుంచి వచ్చి ఆర్నెల్లు ఉండటానికి దిగిన వాళ్ల అత్తగారు కూర తరుగుతూ మా మాటలు వింటున్నారు. "దీనికింత ఆలోచనేంటమ్మా? మా ఊళ్లో పెళ్లయితే గుండిగలు, గంగాళాలు రామాలయం నుంచే తెచ్చేవాళ్లం. పెత్తందార్లయినా అక్కడి నుంచే. సొంతంగా గుండిగ కొనుక్కున్న ఇల్లు నేను చూళ్లేదు" అన్నారు. ఆ అమ్మాయి అత్తగారి వంక చూసి, "ఆదివారానికి సాంబారు గుండిగ చేబదులు కావాలి, సోమవారం తోమి ఇస్తాను" అని రాసి, పోస్ట్ నొక్కి, ఫోను బోర్లా పెట్టేసింది.

పావుగంటలో ముగ్గురు ఇస్తామన్నారు. మొదట చెప్పింది మా వీధి చివరి రిటైర్డ్ టీచరు, తన దగ్గర చాలా పెద్ద గిన్నె ఉందని ఫోటో పెట్టింది. ఫోటోలో అందులో పీతలు ఉడుకుతున్నాయి. ఇక్కడి వాళ్లకి వేసవిలో పీతల పండగ లాంటిది ఉంటుంది, పెద్ద గిన్నె అంటే దానికే. అత్తగారు ఫోటో చూసి, "పీతలు వండిన దాంట్లో సాంబారా!" అని కూర పక్కన పెట్టేశారు. చివరికి ఒక పంజాబీ కుటుంబం నుంచి డేక్సా వచ్చింది. పుట్టినరోజుకి ఆ టీచరు కూడా వచ్చి సాంబారు రెండుసార్లు పోయించుకుంది.

తర్వాత నాలుగు నెలల్లో ఆ అమ్మాయి ఇంకో ఆరేడు అడిగింది. కేక్ స్టాండ్, స్టెప్పుల నిచ్చెన, ఒకసారి కరివేపాకు. ఒక్కసారి గీత దాటితే రెండోసారి అడ్డు ఉండదని నాకు ఆమెని చూశాకే నమ్మకం కలిగింది. అప్పటి నుంచి కొత్తగా చేరిన ప్రతి తెలుగింటికీ మేం చేసే మొదటి పని, పక్కన కూర్చుని వాళ్ల చేత ఒక్క పోస్టు ‘కావాలి’ అని రాయించడం. మెసేజ్ పంపితే పని జరగదు, పక్కన కూర్చోవాలి.

ఏది నిలబడింది, ఏది నిలబడలేదు

అన్నిటికంటే బాగా నడిచింది అమ్మానాన్నల జాకెట్ల అల్మరా. చలికాలంలో ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రులకి ఎవరికి వారు జాకెట్లు, బూట్లు, టోపీలు కొనేవాళ్లు. వాళ్లు ఆర్నెల్లకి వెళ్లిపోతే అవి అల్మరాలో మిగిలేవి, మళ్లీ రెండేళ్లకి వాళ్లు వచ్చేసరికి మా నాన్నగారికి సైజు మారినట్టే చాలామందికి మారేవి. ఇప్పుడు మా కాలనీలో ఒకరింట్లో ఒక అల్మరా నిండా రకరకాల సైజులు ఉంటాయి. ఎవరి అమ్మానాన్నలు వస్తే వాళ్లు తీసుకెళ్లి, వాళ్లు ఫ్లైటెక్కాక డ్రై క్లీన్ చేయించి తెచ్చిపెడతారు. మా అమ్మ కూడా ఆ అల్మరాలోంచే వేసుకుంది. ఎవరిదో పాతది అంటే ముట్టుకోని మనిషి, "కాలనీ వాళ్ల జాకెట్" అంటే తొడుక్కుంది. ఆ రెండు మాటల మధ్య తేడా నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఒకరి సొత్తు అయితే అది దానం. ఎవరి సొత్తూ కాకపోతే రామాలయం గుండిగ.

సూట్‌కేసు తూకాలు కూడా అంతే. గ్రూపు మొత్తానికి మూడు ఉంచాం, బ్యాటరీలతో సహా.

ఘోరంగా ఓడిపోయింది రిటర్న్ గిఫ్టుల దగ్గర. పుట్టినరోజుకి వచ్చిన పిల్లలకి ప్లాస్టిక్ బొమ్మల సంచి ఇవ్వడం, అది కారులోనే విరిగిపోవడం, ఇదంతా ఆపుదామని 2019లో ఒక తీర్మానం లాంటిది పెట్టాం. గ్రూపులో పెద్ద గొడవైంది. ఒక తల్లి నాతో, "మీ పాపకి పదేళ్లు ఆ సంచులన్నీ ఇచ్చి, ఇప్పుడు అది కాలేజీకి వెళ్లాక మాకు చెబుతున్నారా?" అంది. నా దగ్గర జవాబు లేదు. తీర్మానం వెనక్కి తీసుకున్నాం. కొందరు పుస్తకాలు ఇస్తున్నారు, కొందరు మొక్కలు ఇస్తున్నారు, ఎక్కువమంది సంచులే ఇస్తున్నారు.

దీనికి పక్కనే ఒక తమాషా చెప్పాలి. వరలక్ష్మీ వ్రతానికి, శ్రావణ శుక్రవారాలకి ఇచ్చే జాకెట్టు ముక్కల విషయంలో మేం ఏమీ చెయ్యక్కర్లేకపోయింది. అవి ఎప్పటి నుంచో ఇంటి నుంచి ఇంటికి తిరుగుతూనే ఉన్నాయి. పసుపుపచ్చ మీద ఎర్ర చుక్కలున్న ముక్క ఒకటి నేను ఒకరికి తాంబూలంలో పెట్టాను. మూడేళ్ల తర్వాత ఇంకెవరో నాకే పెట్టారు, మడత కూడా విప్పలేదు. కుట్టించుకోని జాకెట్టు ముక్క మన పాత బై నథింగ్ అనుకోవచ్చు.

ఇండియా ప్రయాణపు షాపింగ్‌లో కూడా పెద్దగా ఏమీ కదల్లేదు. అక్కడ ఎదురుచూసే వాళ్ల లిస్టు ఉంటుంది, ఆ లిస్టులో మాకు ఓటు లేదు.

మా వైపు తప్పు ఒకటి

గ్రూపు హద్దు గీసినప్పుడు మా కాలనీకి అటువైపు మెయిన్ రోడ్డు దాటితే ఉన్న అపార్ట్‌మెంట్లని బయట ఉంచాం. మరీ పెద్దదైతే నడపలేం అన్నది సాకు. నిజం చెప్పాలంటే అక్కడ ఎవరుంటారో అనే సందేహం. ఇలాంటి హద్దుల మీద బోస్టన్‌లోని జమైకా ప్లెయిన్‌లో పెద్ద వివాదమే జరిగింది. ఒక గ్రూపుని పంచేటప్పుడు గీసిన గీత ఉన్నవాళ్లని, లేనివాళ్లని విడదీస్తోందని అక్కడి సభ్యులు గట్టిగా అడ్డు తిరిగారు. తర్వాత ప్రాజెక్టు వ్యవస్థాపకులు కూడా గ్రూపులు పంచాలన్న పట్టు వదిలేశారు. ఆ సంగతి చదివాక మా గీత చూసుకుంటే మాకే సిగ్గనిపించింది. 2021లో రోడ్డు దాటాం. ఇప్పుడు గ్రూపులో ఎక్కువగా, సూటిగా అడిగేది ఆ అపార్ట్‌మెంట్ల వాళ్లే. "మంచం కావాలి, శనివారం తీసుకెళ్తా" అంతే. మా కాలనీ వాళ్లు వాళ్లని చూసి అడగడం నేర్చుకుంటున్నారు.

కొత్తగా గ్రూపు పెట్టేవాళ్లకి కొన్ని పని ముక్కలు. పిల్లల కారు సీట్లకి గడువు తేదీ ఉంటుంది, యాక్సిడెంట్ అయిన కారులోది అసలు పనికిరాదు. అందుకే మేం సీటు వెనక స్టిక్కర్ ఫోటో లేనిదే పోస్టు ఉంచం. పక్క కటకటాలు కిందికి జారే పాత పసిపిల్లల మంచాలు 2011 జూన్ నుంచి అమెరికాలో అమ్మకూడదు, మేం ఊరికే కూడా ఇవ్వనివ్వం. బట్టలు చిరిగిపోతే కింగ్ కౌంటీ వాళ్లు ఇదివరకు తీసుకునేవాళ్లు, ఇప్పుడు చెత్తబుట్టలోనే వెయ్యమంటున్నారు. ఇది విన్నాక మా గ్రూపులో కుట్టుమిషన్ అడిగేవాళ్లు పెరిగారు. ఎవరు ముందు రాస్తే వాళ్లకి ఇవ్వడం వద్దు, ఒక రోజు ఆగి ఎవరికి అవసరమో చూడండి, లేదంటే ఎప్పుడూ ఫోను పట్టుకుని కూర్చునే నలుగురికే అన్నీ పోతాయి.

లెక్క

నేను ఇప్పుడు ఒక్కటే లెక్క రాస్తాను. వారానికి ‘కావాలి’ పోస్టులు ఎన్ని, అందులో దొరికినవి ఎన్ని. ‘ఇస్తాం’ పోస్టులు లెక్కపెట్టడం మానేశాను. ఇప్పుడు నా నోట్‌బుక్‌లో ‘కావాలి’ కుప్ప ‘ఇస్తాం’ కుప్పకి దాదాపు సమానంగా ఉంటోంది, కొన్ని వారాలు దాటుతోంది. దీనివల్ల కాలనీలో మొత్తం కొనడం తగ్గిందా అంటే నేను చెప్పలేను. మా గుమ్మాల ముందు అట్టపెట్టెలు ఇంకా రోజూ దిగుతూనే ఉన్నాయి. మా ఇంటి ముందు కూడా. మొన్న నేనే రాత్రి పదకొండింటికి ఒక బెడ్‌ల్యాంప్ ఆర్డర్ పెట్టాను. అడిగితే దొరికేదని పెట్టాక గుర్తొచ్చింది. అర్ధరాత్రి పోస్టు పెడితే ఎవరు చూస్తారనిపించింది, అడగడం నాకూ ఇంకా పూర్తిగా రాలేదు.

పంజాబీ వాళ్ల డేక్సా ఆ తర్వాత వాళ్లు టెక్సాస్ వెళ్లిపోతూ గ్రూపుకే ఇచ్చేశారు. చివరిసారి ఎవరో సత్యనారాయణ వ్రతానికి తీసుకెళ్లారు, తిరిగి రాలేదు. శనివారం మా మేనకోడలి సీమంతం. ఇప్పుడు కూర్చుని అది ఎవరింట్లో ఉందో కనుక్కోవాలి.